సన్నబడుతున్న ఉత్తరాలు

“కృత్తిక ఇక లేదు. కానీ ఆమె మెయిల్ ఇంకా తెరిచే ఉంది,” అన్నాడు చీఫ్ వెంకటపతి.

కోయంబత్తూరులో మూతపడిన మిల్లు గోదాము అది. ఏజెంట్ దినకరన్ తలెత్తలేదు. విదేశీ ముఠా విందుల్లో ఎర్ర లిప్‌స్టిక్‌తో నవ్వుతూ, వాళ్ళ మనిషిగా నటిస్తూ, వాళ్ళ రహస్యాలు మనకు చేరవేసిన డబుల్ ఏజెంట్ కృత్తిక. పోయిన వారం ఒక లారీ ఆమె కారును గుద్దేసింది. అది ప్రమాదం కాదు.

“ఉడుమలైపేటలో తల్లి కంప్యూటర్‌లో లాగిన్ అయింది. లాగౌట్ కాలేదు. ముఠా వైరస్ పంపి ఆ బ్రౌజర్‌లోని కుకీలను, అంటే లాగిన్‌ని గుర్తుంచుకునే చిన్న ఫైళ్ళను, దొంగిలించింది. కుకీ చేతిలో ఉంటే పాస్‌వర్డ్‌తో పనిలేదు. ఆమెకు సమాచారమిచ్చిన వాళ్ళ పేర్లన్నీ ఆ మెయిల్లోనే ఉన్నాయి.”

“కంపెనీకి చెప్పి ఆపించలేమా?”

“అనుమతులు వచ్చేలోపు ఆ మనుషులు మిగలరు. ఆ కంప్యూటర్ దగ్గరికే వెళ్ళు. ముందు అన్ని పరికరాల నుంచీ సైనౌట్. తర్వాతే కుకీల డిలీట్. వట్టి డిలీట్ చేస్తే దొంగ కాపీ బతికే ఉంటుంది.”

రుబ్బురోళ్ళకు గంట్లు కొట్టేవాడి వేషంలో, పిడిలో ట్రాన్స్‌మీటర్ ఉన్న ఉలితో, దినకరన్ ఆ ఇంటి తలుపు తట్టాడు.

కృత్తిక తల్లి పంకజవల్లి తొంగిచూసింది. “ఇంటింటా గ్రైండర్ వచ్చేసింది. ఇన్నాళ్ళూ యాడ నిద్రపోతివప్పా?”

“కృత్తికతో పని చేసినవాణ్ణి, పెద్దమ్మా.”

ఆమె పక్కకు తప్పుకుంది.

కంప్యూటర్ వెలుగుతోంది. తెరమీద కృత్తిక మెయిల్, లావు అక్షరాల వరుసలు. వాళ్ళు చూస్తుండగానే ఒక వరుస సన్నబడింది.

“చూస్తివా తంబీ? లావుగా ఉంటే చదవనిది, సన్నమైతే చదివినదని నా అమ్మిణి కృత్తికే నేర్పించె. పొద్దున నుంచి ఒక్కొక్కటే సన్నమైతా ఉంది.” ఆమె గొంతు తగ్గించింది. “మీరు మొకం చూపించకనే శవాన్ని కాల్చిరి. అది వేరే ఎవురో. నా బిడ్డ యాడనో కూర్చొని చదువుతా ఉంది.”

దినకరన్ మౌస్ వైపు చూశాడు; ఆమె చెయ్యి దానిమీదే ఉంది. ఆమె చెయ్యి తోసి మౌస్ లాక్కోవచ్చు. లాక్కోలేకపోయాడు.

“నేను మొకం చూసినాను, పెద్దమ్మా. మన కృత్తికే. ఇప్పుడు చదివేది ఆమెను చంపినవాళ్ళు.”

ఇంకో వరుస సన్నబడింది. పేర్లున్న ఉత్తరం ఒక్కటే మిగిలింది.

“దీన్ని మూస్తే?”

“మనకు మళ్ళీ తెరుచుకోదు. పాస్‌వర్డ్ ఆమెతోనే పోయింది. మూయకపోతే ఇంకా కొందరు తల్లులు మీ మాదిరి కూర్చుంటారు.”

అతను చూపించిన సైనౌట్ మీదికి ఆమె బాణం గుర్తును జరిపింది.

“మా ఇండ్లల్లో పోతానని చెప్పరు తంబీ, పోయొస్తానంటారు. ఆ దినం తొందరలో నా బిడ్డ అది కూడా చెప్పలే.” తెర మీదికి వంగింది. “పోయి రా, అమ్మిణీ.”

నొక్కింది. చివరి ఉత్తరం లావుగా ఉండగానే పేజీ మూసుకుంది.

దినకరన్ కుకీలన్నీ తుడిచేసి, ఉలి పిడిలోకి “పని అయింది” అన్నాడు. సరిచూసుకోవడానికి మెయిల్ పేజీని మళ్ళీ తెరిచాడు. తెర అడుగున ఒక ప్రశ్న వచ్చింది.

“ఏమంటా ఉంది అది?”

“కుకీలు పెట్టుకుని, ఈ కంప్యూటర్‌ని గుర్తుంచుకోమంటారా అని అడుగుతోంది.”

పంకజవల్లి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఒద్దని చెప్పు. ఆ పనికి ఈ ఇంట్లో నేనొకత్తె ఉండాను.”