గాలి ఎంతుండాది సార్?

జార్జి టౌన్‌లో ఆదివారం మధ్యాహ్నం అంటే తోపుడుబళ్ళు కూడా ముసుగుతన్ని పడుకునే వేళ. పైగా పొద్దున్నించీ ముసురు. పాత మేడ మూడో అంతస్తులో, కంపెనీ మెయిన్‌ఫ్రేం కంప్యూటర్ టెర్మినల్ ముందు శ్రీకుమార్ ఒక్కడే కూర్చున్నాడు. ఏసీ రొద, కిటికీ మీద వాన, వరండాలో కన్నియమ్మ బకెట్ చప్పుడు. అంతే.

"ఆదివారం కూడా ఈ డబ్బాని వదల్లేదా సార్? రాజలక్ష్మమ్మ ఇంట్లోంచి తరిమేసిందా?"

"నీ పని చూసుకో కన్నియమ్మా."

"నా పని ఈడే. మీరు కాళ్ళెత్తితే తుడిచేసి పోతా."

ఎత్తాడు. నవ్వలేదు. నవ్వే స్థితిలో లేడు. ఎన్నూరు ఫ్యాక్టరీలో జరిగిన ట్యాంకు చావుల కేసు మళ్ళీ తెరిచారు. రేపు విచారణవాళ్ళొస్తారు. ట్యాంకులోకి మనుషుల్ని దింపేందుకు పర్మిట్ ఇచ్చే స్క్రిప్టు, అదే ప్రోగ్రాం, ఉంది కదా, దాన్లో ఏ లైను ఎన్నిసార్లు నడిచింది, ఏ పేరులో ఏ విలువ ఉంది, అంతా చూపే ప్రొఫైలర్ రిపోర్టు కావాలన్నారు. అందులో ఒక లైను శ్రీకుమార్ మెడకి ఉరి. ఈలోపే దాన్ని పీకేసి, శుభ్రమైన రిపోర్టు తీసి పెట్టుకోవాలి.

ఆ స్క్రిప్టు రాసింది అతని కింద పనిచేసిన భువనేశ్వరి. చింతాద్రిపేట పిల్ల. నోరు పెద్దది, బుర్ర అంతకంటే పెద్దది. ట్యాంకులోని విషవాయువు కొలతకి 'గాలి' అని పేరు పెట్టింది. గాలి పది దాటితే పర్మిట్ ఆపెయ్. అదీ ఆమె న్యాయం. పర్మిట్ ఆగితే పని ఆగేది, పని ఆగితే పైవాళ్ళు శ్రీకుమార్‌ని ఉతికేవాళ్ళు. ఆ కోపంతో అతను కసిరితే, ఆమె అందరి ముందూ ఒకటే అడిగేది: "గాలి ఎంతుండాది సార్ ఆడ? అది చూడకుండా మనిషిని దింపుతారా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వు అతనికి అరగలేదు.

ఒకరోజు ఆమె లాగిన్‌తోనే లోపలికెళ్ళి, తనిఖీ భాగం ముందు ఒక్క మాట చేర్చాడు. ఆ మాట గోడలాంటిది. బయటి విలువలు లోపలికి కనబడవు, గాలి కొలత కూడా. ఆ భాషకి ఇంకో వింత గుణముంది. విలువ లేని పేరుని "నీలో ఏముంది?" అని అడిగితే, తన పేరే చెబుతుంది. ఖాళీ చెంబుని అడిగితే "చెంబు" అన్నట్టు. గాలి ఎంత అంటే "గాలి" అంది. మెయిన్‌ఫ్రేం లెక్కలో అక్షరం ఎప్పుడూ అంకె కంటే చిన్నది. పది దాటలేదుగా మరి! పర్మిట్ ఇచ్చేసింది.

పాల్‌రాజ్ అనే కూలీ ట్యాంకులో దిగాడు. పర్మిట్ మీద అంకె ఉండాల్సిన చోట మాట చూసిన భువనేశ్వరి ఆటో పట్టుకుని ఎన్నూరుకి పరుగెత్తింది. అతన్ని పైకి లాగబోయి తనూ అందులోనే పోయింది. తప్పు ఎవరి లాగిన్‌తో జరిగింది? ఆమెది. ఇంకేం! చచ్చినవాళ్ళ మీద నింద మోపడమంత సులువైన పని లోకంలో లేదు. ఆమె ఫోటోకి దండ కూడా వేశాడు, మహానుభావుడు.

ఇప్పుడు ప్రొఫైలర్ నడిపాడు. అన్ని విలువలూ చదివింది. గాలి దగ్గర ఆగింది. అందడం లేదట. తన గోడ తన పనిముట్టుకే అడ్డం! గోడ లైను తీసేశాడు. మళ్ళీ నడిపాడు.

గాలి: గాలి.

సేవ్ అయిందో లేదోనని చూశాడు. గోడ లేదు. అయినా తెర 'గాలి' అనే అంటోంది. విసిగిపోయి, గోడని మళ్ళీ నిలబెట్టి, దానికి కిటికీ పెట్టే ఆజ్ఞ తనే రాశాడు. ఈ పేరుని లోపలికి రానివ్వు, అని.

తనే. తన వేళ్ళతో. రానివ్వు, అని.

ఏసీ ఆగింది. దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

గాలి: నాలుగు.

ఎన్నూరు ట్యాంకునుంచి కొలతలొచ్చే కనెక్షన్ తనే తీసేశాడు కదా... ఈ అంకె ఎక్కణ్ణించి? తొమ్మిది. ముప్ఫై. కుళ్ళిన గుడ్ల వాసన. మొదట సన్నగా, ఎవరో తలుపు సందులోంచి ఊదినట్టు. తర్వాత గొంతులోకి, కళ్ళలోకి. తెర మీద అంకె పెరుగుతూనే ఉంది.

మెషీన్ల వెనకనుంచి గుసగుస.

"గాలి ఎంతుండాది సార్... ఈడ?"

లేవబోయాడు. అంతలో... వాసన పోయింది. పూర్తిగా. హమ్మయ్య అని గుండెల నిండా పీల్చాడు.

తలుపు దగ్గర బకెట్ దబ్బున పడింది. "చీ! ఏంది సార్ ఈ కంపు! ఎట్టా కూర్చోనుండారు ఈడ?"

"కంపా? పోయిందిగా..."

అన్నాక గుర్తొచ్చింది. భువనేశ్వరి ట్రైనింగులో చెప్పిన మాట. వాసన వస్తా ఉంటే పరిగెత్తేదానికి టైముండాది సార్. వాసన ఆగిపోయిందా... గ్యాసు పోలా. మీ ముక్కు పోయింది.

తెర మీద పర్మిట్ వచ్చింది.

పేరు: శ్రీకుమార్. గాలి: గాలి. దిగవచ్చు.

పైట ముక్కుకి అదుముకుని కన్నియమ్మ అతని కాలర్ పట్టి వరండాలోకి ఈడ్చింది. ఫైరువాళ్ళు వచ్చి కొలిచారు. ఆ గదిలో ఏ గ్యాసూ లేదన్నారు.

చావలేదు శ్రీకుమార్. అంత తేలిగ్గా వదిలే మనిషా భువనేశ్వరి!

ఆసుపత్రిలో డాక్టరు పేరడిగాడు. "శ్రీకుమార్." అందరూ ఊపిరి పీల్చుకున్నారు. భార్య రాజలక్ష్మి వంగి, "నేనెవురో తెలస్తా ఉండాదా?" అంది. "శ్రీకుమార్." "నీళ్ళు కావాల్నా?" "శ్రీకుమార్."

ఖాళీ చెంబు.

విచారణాధికారి బాలమురుగన్ మంచం పక్కనే కుర్చీ వేసుకున్నాడు. సాక్షిగా కన్నియమ్మని గుమ్మం దగ్గర నిలబెట్టారు. తమిళంలో అడిగినా, తెలుగులో అడిగినా జవాబు ఒకటే.

"భువనేశ్వరి లాగిన్ వాడింది ఎవరు?"

"శ్రీకుమార్."

"ఆ గోడ లైను రాసింది?"

"శ్రీకుమార్."

కళ్ళు వద్దు వద్దని బతిమాలుతున్నాయి. తల అడ్డంగా ఊగుతోంది. నోరు మాత్రం ఆగడం లేదు. అది తెరుచుకున్నప్పుడల్లా కుళ్ళిన గుడ్ల కంపు. బాలమురుగన్ రుమాలు అడ్డం పెట్టుకుని రాసుకుంటున్నాడు.

"ఆ ఇద్దర్నీ చంపింది ఎవరు?"

"శ్రీకుమార్."

బాలమురుగన్ పెన్ను మూసి, రుమాలు తీసి, హాయిగా గాలి పీల్చాడు.

"అబ్బ... పోయింది ఆ వాసన."

గుమ్మంలో కన్నియమ్మ మాత్రం ముక్కు మీంచి పైట తీయలేదు.