ఇద్దరు గున్నయ్యలు

మందస నుంచి పలాస వెళ్లే ఏడు గంటల బస్సు వెళ్లిపోయింది. జానకి వంటింట్లో కూర్చుని బీరకాయలు తరుగుతోంది. పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఓ రక్తపరీక్షల ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా రిపోర్టులు టైపుచేస్తున్న మనిషి, ఇలా ఇంట్లో ఉండిపోవడం అది నాలుగో రోజు.

కొడుకు వరుణ్ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ల్యాబ్‌లో పాత కంప్యూటర్ పాడైనప్పుడు, అందులోని ప్రోగ్రాం కొత్త ల్యాప్‌టాప్‌లో నడిచేలా పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ రాసిచ్చింది అతనే. ప్రోగ్రాం ఏదడిగినా పాత యంత్రం ఎలా జవాబిచ్చేదో ఇదీ అలాగే ఇవ్వాలి. ఇస్తోందనే నమ్మాడు.

కిందటి నెల ఒకేరోజు గున్నయ్య పేరుతో ఇద్దరు ల్యాబ్‌కి వచ్చారు. కిడ్నీ జబ్బున్న గున్నయ్యకు రెండో గున్నయ్య రిపోర్టు వెళ్లింది. అంతా బాగుందనుకుని ఆయన మందులు మానేశాడు. కాళ్లు వాచి ఆసుపత్రిలో చేరాడు.

ల్యాబ్ యజమాని తారకేశ్వరరావు ఇంటికొచ్చి నిలదీస్తే జానకి ఒకటే చెప్పింది. అదే పేరు మళ్లీ కొడితే పాత కంప్యూటర్ ఒప్పుకునేది కాదని, అప్పుడు తాను పక్కన ఊరిపేరు చేర్చేదాన్నని, కొత్తది అసలు అడగనేలేదని. వరుణ్ ఆమెను పూర్తిగా చెప్పనివ్వలేదు.

"ప్రోగ్రాంలో తప్పులేదండి. అమ్మకే కళ్లు సరిగా ఆనట్లేదు" అన్నాడు.

జానకి లోపలికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పనికి వెళ్లలేదు.

అమ్మ అలా ఇంట్లో ఉండిపోవడం చూడలేక వరుణ్ నాలుగో రోజు ఉదయం ల్యాబ్‌లో మూలపడ్డ పాత కంప్యూటర్ తెప్పించి బాగుచేయించాడు. ఒకే పేరు రెండుసార్లు కొట్టాడు. పాతది కుదరదంది. అతని ఎమ్యులేటర్ మాత్రం సరేనని, మొదటి రిపోర్టును చెరిపేసి రెండోది రాసుకుంది. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే ఏం చెప్పాలో అతను రాయనేలేదు. అమ్మ చెప్పింది అక్షరాలా అదే.

తారకేశ్వరరావు దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. ఆయన తిడుతుంటే తలవంచుకు నిలబడ్డాడు. అక్కణ్ణుంచి ఆసుపత్రికెళ్లాడు. కోలుకుంటున్న గున్నయ్య తిట్టలేదు.

"ఆయమ్మ తప్పు సేసిందంటే నాను నమ్మనేదు బాబూ" అన్నాడు.

పరాయి మనిషికున్న నమ్మకం తనకు లేకపోయింది. వరుణ్ ఆ మంచం పక్కన తలెత్తలేకపోయాడు.

ఇంటికొచ్చి తల్లి పక్కన నేలమీద కూర్చున్నాడు.

"తప్పు నాదేనమ్మా. నువ్వు సెప్పినట్టే అయ్యింది."

జానకి ముందు గున్నయ్య ఎలా ఉన్నాడని అడిగింది. తర్వాత అంది.

"తప్పు ఎవురైనా సేత్తారు నానా. నాను సెప్పింది ఒక్కపాలి సూసి, అప్పుడు అనాల్సింది. ఆయన ముందర అలగ అనీసినావు."

వరుణ్ నోట్‌బుక్ తెచ్చి, పాత కంప్యూటర్ ఇంకా ఏమేం చేసేదో చెప్పమన్నాడు. కాగితం అయిపోతే ఏమనేదో, పేరు రాయకుండా నొక్కితే ఎక్కడ ఆగేదో జానకి ఒక్కొక్కటే చెప్పింది. రెండు పేజీలు నిండాయి. సగం అతను ఊహించనివే. ఎమ్యులేటర్ రాసినన్నాళ్లూ ఆమెతో ఒకే ఇంట్లో ఉండి, ఒక్కసారైనా అడగలేదు. పెన్ను ఆగిపోయింది.

జానకి చెంగుతో అతని ముఖం తుడిచింది.

"రాయి నానా. ఇంకా ఉన్నాయి" అంది.