గుండానికి అవతలి వైపు

"ఈసారి ఆలస్యం కాకూడదు," అన్నాడు కీత్.

దక్షిణాఫ్రికాలో, డర్బన్ దగ్గరి వెరులంలో ఒక చీరల దుకాణం వెనక ఉన్న గది అది. 1994 ఏప్రిల్‌లో జరగబోయే ఎన్నికలను కాపాడటానికి ఏర్పడిన చిన్న గూఢచారి విభాగానికి అదే ఆఫీసు, కీత్ దానికి చీఫ్. ఎదురుగా కూర్చున్న జివేష్ యెల్లప్ప ఊరి దృష్టిలో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. విభాగంలో అతని కోడ్ నేమ్ షటర్.

కీత్ ఒక ఫోటోను బల్ల మీద తోశాడు. అందులో ఇద్దరు మగవాళ్లు. మధ్యలో అగ్గిపుల్ల కూడా దూరదు. ఒకడు సెసిల్. తుపాకులు అమ్మే విదేశీ ముఠా అతనిది. ఎన్నికలు ఆగి ఊళ్లు తగలబడితే అతని సరుకు అమ్ముడవుతుంది. రెండో మనిషి గుడి కమిటీ పెద్ద సూబ్రాయన్. జూలూ పెద్దలనూ ఇండియన్ దుకాణదారులనూ ఒకే హాల్లో కూర్చోబెట్టి, వీధిలో ఒక్క కిటికీ పగలకుండా చూసుకుంటున్నాడు.

"నిరుడు గుండం పండుగలో తీసింది. మన పెర్సీకి ఇప్పుడు దొరికింది," అన్నాడు కీత్. "సూబ్రాయన్ సెసిల్ మనిషి. రేపు గుండంలో కాలు పెట్టగానే పని ముగించు. కోడ్ వర్డ్ చెరకు. నీ చెయ్యి వణికితే, ఎదురు స్కూల్ మేడ మీద పెర్సీ తుపాకీతో ఉంటాడు."

"వణకదు సార్."

"రానీ విషయంలో మనం ఆలస్యం చేశాం. అందుకే చెబుతున్నా."

జివేష్ తల ఊపాడు. రానీ అతని భార్య. డర్బన్ సముద్రపు ఒడ్డు హోటల్లో పాడేది. పచ్చరాళ్ల కమ్మలు పెట్టుకుని సెసిల్ బల్ల దగ్గర నవ్వేది, విన్నదంతా తెచ్చి కీత్‌కు చెప్పేది. అదే పండుగ నాటి ఇంకో ఫోటోలో ఆమె సెసిల్ భుజానికి ఆనుకుని కనిపించింది. డబుల్ ఏజెంట్ అటు తిరిగిపోయిందన్నారు. ఆమెను చంపే పని పెర్సీ పూర్తి చేశాడు. జివేష్ ఆ ఫోటోను ఒకసారి చూశాడు. రెండోసారి చూడలేక కెమెరా సంచి అడుగున బోర్లించి పెట్టాడు. ఏడాదిగా అది అక్కడే ఉంది.

కీత్ ఒక లెన్స్ అందించాడు. రెండు వందల మిల్లీమీటర్ల గొట్టం. లోపల అద్దాల్లేవు. ఒక్క తూటా.

మర్నాడు గుడి ముందు నిప్పుల గుండం ఎర్రగా పరుచుకుని ఉంది. రోడ్డు వైపు మగవాళ్లు, చూడటానికొచ్చిన బయటివాళ్లు. గుండానికి అవతల, గుడి వైపు, ఆడవాళ్లూ గుండం తొక్కే మొక్కులవాళ్లూ. గుండం చివర, రెండు వైపులనూ వేరు చేస్తూ తాడు. ఏటా అంతే. జివేష్ మెడలో రెండు కెమెరాలు వేలాడుతున్నాయి. ఒకదానికి తూటా, ఒకదానికి జూమ్.

"హే, ఏం సన్నబడిపోయినావు, మ్యాన్." గుండం చివర తాడు అవతల నుంచి కోగీ అత్త పిలిచింది. రానీ తల్లి. చేతిలో గారెల పళ్లెం. "తినవు, ఫోన్ ఎత్తవు. నా కూతురు పోతే నేనూ పోయినానా నీకు?"

"పనిలో ఉన్నాను అత్తా."

"పనంట. తిను. గుండం ముందు తింటే అమ్మవారు ఏమనదు, నేను అడిగినాను."

అతను గారె తీసుకున్నాడు. కొరకబోయి ఆగాడు. గారె మధ్యలో రంధ్రం. దానిలోంచి గుడిలో కర్పూరం వెలుగుతూ కనిపించింది.

జేబులోంచి సూబ్రాయన్ ఫోటో తీశాడు. వెనక మసకబారిన కర్పూరం మంటల్లో ఒక్కటీ చుక్కలా లేదు. ప్రతిదీ గారెలా ఉంది, నడుమ చిల్లితో. వెలుగును అలా వలయాలుగా చేసే లెన్స్ ఒకటే: ఐదు వందల మిల్లీమీటర్ల మిర్రర్ లెన్స్. దానికి ముందు అద్దం నడుమ నల్లటి బిళ్ల ఉంటుంది, వెలుగును మధ్యలో అడ్డుకుంటుంది. ఆ లెన్స్‌తో ఇద్దరు మనుషులను నడుముల దాకా తీయాలంటే చాలా దూరం పోవాలి. రోడ్డు దాటి, స్కూల్ మేడ దాకా.

అంత దూరం నుంచి చూస్తే ముందున్నవాడూ వెనకున్నవాడూ దాదాపు ఒకే ఎత్తుగా కనిపిస్తారు. వాళ్ల మధ్య నేల చదునైపోతుంది. మిగిలిందంతా లెన్స్ కోసేస్తుంది. గుండంతో సహా. నిరుడు సెసిల్ ఇటు రోడ్డు వైపు, సూబ్రాయన్ గుండానికి అవతల.

సంచి అడుగు నుంచి రెండో ఫోటో తీశాడు. బోర్లించి ఉన్నదాన్ని తిప్పాడు. అవే మంటలు. అవే చిల్లులు. పచ్చరాళ్ల కమ్మలు.

"అత్తా. నిరుడు ఈ వేళకు రానీ ఎక్కడుంది?"

"ఎక్కడుంటది? నా పక్కన. నా కొబ్బరికాయ పట్టుకుని. ఆడది తాడు దాటి అటు ఎట్లా పోతది, నీకు తెల్దా?" కోగీ అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఎవుళ్లూ అడగలేదే నన్ను, అయ్యా."

ఎవరూ అడగలేదు. అతనూ అడగలేదు.

విభాగంలో మిర్రర్ లెన్స్ ఉన్నది పెర్సీ ఒక్కడి దగ్గరే.

డప్పులు ఊపందుకున్నాయి. అవతల సూబ్రాయన్ పసుపు బట్టలతో, తల మీద కరగం కుండతో గుండం అంచుకు వచ్చాడు. జివేష్ చెవిలోని చిన్న రేడియోలో పెర్సీ గొంతు పలికింది. "చెరకు. చెరకు, షటర్."

జివేష్ జూమ్ ఎత్తి మేడ వైపు తిప్పాడు. డెబ్బై మిల్లీమీటర్ల దగ్గర పెర్సీ పిట్టగోడ మీద ఒక చుక్క. రెండు వందల పది దాకా లాగాడు. పొట్టి గొట్టం ఒకటి సూబ్రాయన్ మీదికి గురిపెట్టి ఉంది. దాని ముందు నడుమ నల్లటి బిళ్ల లేదు. వట్టి రంధ్రం.

సూబ్రాయన్ పాదం లేచింది. జివేష్ తూటా ఉన్న కెమెరాను మేడ వైపు గురిపెట్టి బటన్ నొక్కాడు.

డప్పుల మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. మేడ మీద గొట్టం ఎగిరిపడింది. పెర్సీ చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. సూబ్రాయన్ నిప్పుల మీద నాలుగు అంగలు వేసి, చివర పాలు నింపిన గుంటలో దిగాడు. ఆడవాళ్లు గోవిందా అన్నారు.

సాయంత్రానికి పెర్సీ తానే సెసిల్ మనిషినని ఒప్పుకుని, అతను దాక్కున్న ఇల్లు చూపించాడు. ముఠా మొత్తం దొరికింది.

కీత్ స్టూడియోకు వచ్చి రెండు ఫోటోలనూ చాలాసేపు చూశాడు. "ఎంత స్పష్టంగా ఉన్నాయి," అన్నాడు చివరికి.

"ఫోకస్ బాగా కుదిరింది సార్."

"జూమ్ చేసిన మోసమా ఇది?"

"జూమ్ కాదు సార్. నిలబడ్డ చోటు. లెన్స్ చుట్టూ ఉన్నది కోసేస్తుంది, అంతే."

కీత్ ఫోటోలను బల్ల మీద పెట్టాడు. "రికార్డుల్లో రానీ పేరు సరిచేస్తాం. నీకు ఇంకేమైనా కావాలా?"

జివేష్ పచ్చరాళ్ల కమ్మల ఫోటోను ఈసారి బోర్లించలేదు. గోడకు ఆనించి నిలబెట్టాడు.

"మన వాళ్లందరికీ యాభై మిల్లీమీటర్ల లెన్స్ ఇప్పించండి సార్. చిన్నది. జూమ్ ఉండదు. దాంతో మనిషిని తీయాలంటే దగ్గరికి వెళ్లాలి. వెళ్తే, ఎలాగూ అక్కడే ఉన్నాం కాబట్టి, ఒక మాట అడగొచ్చు."

బడ్జెట్ చూసి చెబుతానన్నాడు కీత్.