ఋజుత పీకిన కేబుల్

నచికేత్ పెండ్సే నలభై స్లయిడ్లు తెచ్చుకున్నాడు. ఆరో స్లయిడ్ దగ్గరే ఋజుతా కేత్కర్ చెయ్యెత్తింది.

"బొమ్మలు బాగున్నాయండీ. ఇక సరుకు చూపిస్తారా?"

పుణెలోని ఆ ఆసుపత్రికి సర్వర్లు, స్టోరేజీ, నెట్‌వర్కు అన్నీ ఒకే పెట్టెలో ఇమిడే సొంత క్లౌడ్ కావాలి. మూడు కంపెనీలు పోటీపడ్డాయి. ఎవరిది గట్టి సరుకో తేల్చే పని ఋజుతది. నచికేత్ మూడో కంపెనీ ఇంజనీరు.

టెస్టింగ్ గదిలోకి వెళ్ళగానే ఆమె పెట్టె వెనక్కి నడిచి, రెండు కేబుళ్ళలో ఒకదాన్ని చటుక్కున పీకేసింది. తెరమీద రోగుల రికార్డులు బిగుసుకుపోయాయి.

"అయ్యయ్యో! చెప్పి పీకాలి కదండీ!"

"ఎలుకలు మీకు ఫోన్ చేసి కొరుకుతాయా?"

రెండో కేబుల్ పని అందుకుని తెర కదలడానికి నలభై సెకన్లు పట్టింది. ఆమె కాగితం మీద రాసుకుంది.

"తగ్గించి చూపిస్తాను," అన్నాడతను, చెవులు ఎర్రబడి.

"పదిహేను రోజుల గడువుంది. అందరికీ అంతే."

మిగతా రెండు కంపెనీలూ మెయిళ్ళు పంపాయి. ఇతను మాత్రం రోజూ వానలో తడిసి వచ్చేవాడు. ఆమె తప్పులు పట్టేది, అతను దిద్దేవాడు.

"ఒక్కసారి నవ్వితే మా మార్కులేమైనా పెరిగిపోతాయా?" అన్నాడొకనాడు.

"మీకు పెరగవు. నాకు తగ్గుతాయి."

ఆ మాటకు అర్థం వెతుక్కుంటూ అతను లిఫ్టు ఎక్కడం మరిచి మెట్లు దిగాడు.

పద్నాలుగో రోజు కేబుల్ పీకితే నాలుగే సెకన్లు! ఋజుత ముఖం వెలిగింది. అతని ముఖం మాత్రం వాడింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఈ నాలుగూ నమ్మకండి. వంద మంది వాడుతున్నట్టు పెట్టాం. మీ ఆసుపత్రిలో వాడేది రెండు వేల మంది. అంతమందిని పెట్టి చూడండి."

"ఇలా చెప్పమని మీ బాస్ అన్నారా?"

"చెప్పొద్దన్నారు. కానీ ఆ తెర చూసి మందులిచ్చే నర్సులుంటారు కదండీ."

అలాగే పెట్టి మళ్ళీ కేబుల్ పీకి చూసింది. తెర ఒకటిన్నర నిమిషం లేవలేదు. ఉన్నది ఉన్నట్టే రాసింది. ఆర్డరు రెండో కంపెనీకి వెళ్ళింది. నచికేత్‌ను సోమవారం నుంచి నాగపూర్ ఆఫీసుకు మార్చారు.

శనివారం అతను పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చాడు. వ్యానెక్కిస్తుంటే ఋజుత వానలోనే పరుగెత్తుకొచ్చింది.

"మార్కులు తక్కువ వేసింది నేనే."

"న్యాయంగానే వేశారు."

"కోపం రాలేదా?"

"వచ్చింది. ఇన్ని రోజుల్లో ఒక్క మాటైనా పనికిరానిది మాట్లాడలేదు మీరు!"

"ఎలా మాట్లాడతాను? మనసు ఒక పక్కకి మొగ్గాక మార్కులు వెయ్యగలనా? నిన్న ఆర్డరు మీద సంతకాలైపోయాయి. ఇక నువ్వు పోటీలో లేవు, నేను మార్కులెయ్యక్కర్లేదు."

"నువ్వు" దగ్గరే ఆగిపోయాడతను. మిగతాది వినపడలేదు.

"రేపు మా ఇంటికి భోజనానికి రా. నిజం చెప్పి కొంప మీదికి తెచ్చుకున్న మొద్దబ్బాయి ఒకడున్నాడని అమ్మకి చెప్పేశాను."

"ఏమన్నారు?"

"అలాంటివాణ్ణి ఆకలితో పంపకే అంది."

"మరి నువ్వేమన్నావ్?"

ఋజుత తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"అసలు పంపనే పంపనన్నాను."