పద్నాలుగు సెకన్ల నిశ్శబ్దం

రేడియోలో ఎవరి మాటలు రికార్డు చేసినా, చివర్లో వాళ్ళని ఒక నిమిషం కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెడతాం. ఆ నిశ్శబ్దం మాకు పనికొస్తుంది. ఎక్కడైనా ఓ మాట కత్తిరిస్తే, ఆ ఖాళీలో ఈ నిశ్శబ్దాన్ని అతుకుతాం. గది గదికీ నిశ్శబ్దం వేరు. ఇంకో గదిది అతికితే చెవి ఇట్టే పట్టేస్తుంది. ఇరవై మూడేళ్ళుగా నా పని ఇదే. అతుకు తెలియకుండా అతుకుతానని ఆఫీసులో పేరు కూడా ఉంది.

పోయినేడు యుద్ధానికి యాభై ఏళ్ళు నిండాయని ప్రత్యేక కార్యక్రమం చేశాం. నేను పుట్టకముందు జరిగిన యుద్ధం అది. దాని గురించి అందరికీ తెలిసిందే నాకూ తెలుసు. శత్రువు ఫిరంగి గుండు పడి ఊరి పిండిమర తగలబడింది, లోపల తలదాచుకున్న ముప్ఫై ఒక్కమంది కాలిపోయారు, ఆ కసితో మనవాళ్ళు గెలిచారు. బళ్ళో ఏటా నాటకం వేసేవాళ్ళం. నేను మర యజమాని భార్యని. బాగా ఏడ్చానని కప్పు కూడా ఇచ్చారు.

మా మామగారు ఆ యుద్ధంలో సిపాయి. ఆయన్ని నేనే రికార్డు చేశాను. అన్నీ చెప్పి, మంచినీళ్ళు తాగి, తాపీగా అన్నారు:

"గుండేం పడలేదమ్మాయ్. మేం వెనక్కి పారిపోతున్నాం. ఏ దారిన పోయామో శత్రువుకి చెప్పేస్తారని ఊళ్ళోవాళ్ళని మర లోపలికి తోసి అంటించాం. గడియ పెట్టింది నేనే."

సరిగ్గా పద్నాలుగు సెకన్ల మాట. తర్వాత నా వైపు చూసి, "ఇది మాత్రం కత్తిరించకు" అన్నారు.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను.

"ముసలాయనకి మతి తప్పింది. మన వీధికి ఆయన పేరు పెడుతున్నారు, తెలుసా? నీ నిజం నెత్తిన పెట్టుకుని ఊరేగమంటావా?"

"నా నిజమేంటండీ? మీ నాన్న చెప్పిందే."

"పద్నాలుగు సెకన్లే కదే! అంతకంటే ఎక్కువసేపు తుమ్ముతాను నేను."

కత్తిరించాను. నిశ్శబ్దం అతికాను. కార్యక్రమం విని చాలామంది ఏడ్చారట. మామగారు పడక్కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నారు. రేడియో కట్టేసి, "బాగా అతికావమ్మాయ్" అన్నారు. నెల తిరక్కుండా పోయారు.

ఆ తర్వాత చాలా రోజులకి, ఓ మధ్యాహ్నం కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరమ్మ ఒకావిడ స్టూడియోకి వచ్చింది. నా ముందు ఒక ఫోటో పెట్టింది.

"మంటలారిన మర్నాడు తీసింది మేడమ్. కప్పు మీద ఒక్క రేకూ చెదరలేదు. గుండు ఎక్కణ్ణించి పడ్డట్టు? తలుపు చూడండి, గడియ బయట పెట్టి ఉంది. మీ మామగారు ఇంకేమైనా చెప్పారా?"

చెప్పలేదని అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ "బాగా అతికావమ్మాయ్" అన్న ఆ గొంతు నన్ను వదలడం లేదు.

"అసలు టేపు ఉంది" అన్నాను.

నేను కత్తిరించింది నకలునే. అసలుది బీరువాలో ఉంది. తాళంచెవి నా దగ్గరే. తీసి పెట్టాను. మామగారి గొంతు వచ్చింది. నడక, ఆకలి, దాహం. మంచినీళ్ళు తాగిన చప్పుడు. ఆ తర్వాత...

నిశ్శబ్దం.

నేను అతికిన నిశ్శబ్దమే. చెయ్యి కూడా పెట్టని టేపులో.

"ఇదేంటి మేడమ్?"

వెనక్కి తిప్పి శబ్దం పెంచాను. ముందు రేకుల మీద వాన అనుకున్నాను. వాన కాదు... చేతులు. పిడికిళ్ళు కావు, అరచేతులు. చెక్క మీద చాలా అరచేతులు. పెద్దవీ, చిన్నవీ. ఇంకా పెంచాను. ఒక్క గొంతూ లేదు. చేతులు... చేతులు... చేతులు.

"వినిపిస్తోందా?" గుసగుసగా అడిగాను.

"ఏమీ లేదే మేడమ్." ఆవిడ ఆగి గాలి పీల్చింది. "కానీ... ఏదో పిండి మాడుతున్నట్టు లేదూ?"

టేపు ఆపేశాను. చేతులు ఆగలేదు.

అవి యంత్రంలోంచి రావడం లేదు. అద్దం అవతల, రికార్డింగ్ గదిలోంచి వస్తున్నాయి. లోపల ఎవరూ లేరు. ఒక కుర్చీ, ఒక మైకు.

"ఆయన మాట పోయింది" అంది లెక్చరరమ్మ మెల్లగా. "మీరు విన్నారు కదా. మీరు చెప్పండి."

చెబితే ఇంట్లో నా బతుకేమవుతుందో నాకు తెలుసు. అయినా కొత్త టేపు పెట్టి, రికార్డు మీట నొక్కి లేచాను. తలుపు తోశాను. చేతులు ఆగిపోయాయి. మామగారు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాను. వేడిగా ఉంది.

చెప్పాను. గుండు పడలేదు. లోపలికి తోసి అంటించారు. గడియ పెట్టింది మా మామగారు. ఆయన కత్తిరించొద్దన్నారు, నేను కత్తిరించాను. అంతే. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

బయటికి వచ్చాను. గుండెల మీంచి బరువు దిగినట్టే అనిపించింది. లెక్చరరమ్మ నా ముఖం చూడడం లేదు.

"ఒకసారి విందామా?" అంది.

నా గొంతే. గుండు పడలేదు. లోపలికి తోసి అంటించాం.

అంటించాం.

"గడియ పెట్టింది నేనే."

"నేను అలా అనలేదు" అన్నాను.

"అలాగే అన్నారు మేడమ్. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను."

టేపు ఇంకా తిరుగుతోంది. నా గొంతు తాపీగా చెప్పుకుపోతోంది, పద్నాలుగు సెకన్లు దాటిపోయినా ఆగకుండా:

"ఇనుప గడియ. ఎండకి కాలుతోంది. ఒక పట్టాన దూరలేదు. సందులో చిన్న వేళ్ళు అడ్డొచ్చాయి."

ఈ సంగతి మామగారు నాకు ఎప్పుడూ చెప్పలేదు.