రావలసినది: 17.40

2024 ఫిబ్రవరి 9, శుక్రవారం. ఆ సాయంత్రం నాలుగింటికి జాన్సన్ శామీర్‌పేట చెరువు దగ్గర బండి మీద నాలుగు మక్క గారెలు కొన్నాడు. రెండు తిన్నాడు. మూడోది అందుకునేలోపు పై అధికారి జానకీదేవి వచ్చి పక్కన కూర్చుంది.

“ఉప్పు తక్కువైందా?”

“కారం మాత్రం ఉంది.”

కోడ్ కలిసింది. జాన్సన్ మిగిలిన రెండు గారెలూ పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. స్టవ్ రిపేర్ చేసేవాడి వేషం, మాసిన చొక్కా, భుజాన రేకు పెట్టె. పెట్టె అడుగున గ్యాస్ డిటెక్టర్.

“స్రవంతి అమ్ముడుపోయింది. ఆరింటికి ఆమె ఫైల్ మూసేస్తున్నాం. ఆ తర్వాత ఆమె ఎవరో మనకు తెలియదు,” అంది జానకీదేవి.

స్రవంతి డబుల్ ఏజెంట్. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలతో విదేశీ ముఠా కంపెనీలో రెవెన్యూ మేనేజర్‌గా తిరుగుతూ వాళ్ల రహస్యాలు జాన్సన్ పనిచేసే గూఢచారి శాఖకు చేరవేసేది. మూడు వారాలుగా ఆమె నుంచి కబురు లేదు.

“ఇవాళ పొద్దున ఆమె పంపిన జనవరి స్టేట్‌మెంట్ ఇది. ముఠా తరఫున దొంగలెక్క రాసి పెట్టింది.”

జాన్సన్ కాగితం అందుకున్నాడు. సముద్రంలోని ఒక గ్యాస్ బావిలో మన దేశానికి సగం, ముఠా కంపెనీకి సగం. నెలకు ఎవరు ఎంత గ్యాస్ అమ్మితే అదే వాళ్ల రెవెన్యూ. ఒకరి వాటా గ్యాస్ ఇంకొకరు అమ్ముకున్నా ఆ నెల పుస్తకంలో బాకీ రాయరు. ముందు ముందు బావిలోంచి తీసుకుని సరిచేసుకుంటారు. రెండేళ్లు ఆ ఆఫీసులో గుమాస్తా వేషం వేసినప్పుడు ఇదంతా అతనికి నేర్పింది స్రవంతే.

చివరి వరుస దగ్గర అతని వేలు ఆగింది.

*భాగస్వామి వాడుకున్న మన వాటా. రావలసినది: 17.40. డెలివరీ పాయింట్: డి-4.*

“మేడమ్, ఈ పుస్తకంలో ఈ వరుస ఉండకూడదు.”

“అదే అంటున్నా. దొంగలెక్క.”

“కాదు మేడమ్. స్రవంతి నిద్రలో రాసినా ఈ తప్పు చెయ్యదు. ఆ కంపెనీకి గ్యాస్ అప్పగించే డెలివరీ పాయింట్లు మూడే. నాలుగోది లేదు. డి అంటే దూలపల్లి. అక్కడ వాళ్ల గోడౌన్ నంబర్ నాలుగు ఉంది.” అతను ‘మన వాటా’ మీద వేలు పెట్టాడు. “మన వాటా వాళ్ల చేతిలో ఉంది. అంటే ఆమె వాళ్ల దగ్గర బందీ. రావలసినది. నన్ను రమ్మంటోంది. 17.40 అంటే అయిదూ నలభైకి.”

జానకీదేవి కాగితం వంక చూసింది. “ఒక్క మాట పట్టుకుని టీమ్‌ని పంపలేను.”

“నేనొక్కణ్ణే వెళ్తా.”

ఆటో డ్రైవర్ పేరు బాలేష్. నాలుగు ముప్పై అయిదుకు బయల్దేరారు. మేడ్చల్ దాటాక రైలు గేటు పడింది. పదకొండు నిమిషాలు. జాన్సన్ వాచీ చూసుకోవడం ఆపలేకపోయాడు.

“ఏంది సార్, గంత పరేషాన్ అయితున్నవ్? ఎవలి ఇంట్ల స్టవ్ ఆరిపోయింది?”

“ఆరిపోలే తమ్మీ. అంటుకుంటదని భయం.”

బాలేష్ ఇంకేమీ అడగలేదు. గేటు లేవగానే జల్దీ పోనిచ్చాడు. అడగకుండా ఉండటం కూడా ఒక దయే అనుకున్నాడు జాన్సన్.

అయిదూ ముప్పై ఆరు. గోడౌన్ షట్టర్‌కు తాళం. ముందు స్టూల్ మీద వాచ్‌మన్ శంకరయ్య, నోట్లో బీడీ.

“ఓ స్టవ్వాయనా, అగ్గిపెట్టె ఉన్నదా?”

పెట్టెలో డిటెక్టర్ గుయ్‌మంది. షట్టర్ సందులోంచి గ్యాస్. వాసన కలపని గ్యాస్, ముక్కుకు తెలియదు.

జాన్సన్ బీడీని మెల్లగా లాగేసుకున్నాడు. “లేదు కాకా. మా ఆవిడ పోయేముందు మాన్పిచ్చింది. లోపల ఎవరున్నరు?”

“ఎవలుంటరు? పాత కాయిదాలు. సార్లు చాబీ తీస్కపోయిండ్రు. లోపల లైట్ దానంతటదే ఎలుగుతదట, టైమర్ పెట్టిండ్రు.”

లైట్ వెలిగితే గోడౌన్ మిగలదు. జాన్సన్ పక్క గోడకు పరుగెత్తాడు. ఫ్యూజుల పెట్టె మూత తుప్పు పట్టి రావడం లేదు. గోళ్లు విరిగాయి.

“ఏయ్, కరెంటుతోని ఆటలా? నువ్వేమన్న లైన్‌మన్‌వా?”

మూత ఊడింది. ఒకటి. రెండు. మూడో ఫ్యూజు చేతిలోకి వచ్చేసరికి వాచీలో 17:39:56.

వెలగాల్సిన లైట్ వెలగలేదు.

రోడ్డవతల తెల్ల కారు తలుపు తెరుచుకుంది. ‘బటర్‌ఫ్లై’ అనే మారుపేరున్న ముఠా నాయకుడు పిస్టల్ పట్టుకుని వచ్చాడు. బావులు తెలిసినవాడే, పద్దులే తెలియవు. అందుకే స్రవంతి చేత బలవంతంగా రాయించిన స్టేట్‌మెంట్‌లో ఆ వరుస అతని కళ్ల ముందే దాటిపోయింది.

జాన్సన్ షట్టర్‌కు వీపు ఆనించి నిలబడ్డాడు.

“కాల్చు. ఈ గ్యాస్‌లో మనిద్దరి వాటా సమానం.”

బటర్‌ఫ్లై వేలు ఆగిపోయింది. ఆ ఒక్క క్షణం శంకరయ్యకు చాలు. కర్ర మణికట్టు మీద పడింది.

“పిస్తోలు జూపెడుతవురా, నా డ్యూటీ మీద!”

బటర్‌ఫ్లై జేబులో తాళంచెవి దొరికింది. ఎవరో పుణ్యాత్ముడు షట్టర్‌కు గ్రీజు పూసి ఉంచాడు. నిప్పురవ్వ లేకుండా, చప్పుడు లేకుండా అది పైకి లేచింది. కాగితాల కట్టల మధ్య, నోటికి టేపుతో స్రవంతి. లిప్‌స్టిక్ చెరిగిపోయింది. కళ్లద్దాలు లేవు. బయటికి మోసుకొచ్చి టేపు తీశాక ఆమె మొదటి మాట:

“బావి ఎండిపోయింది సార్. వాళ్లు అమ్ముకున్న మన వాటా వాపస్ రాదు. బావి అసలు రిపోర్టులు ఈడనే ఉన్నయ్. నాతోటే కాలబెడ్దమనుకున్నరు.”

అరగంటలో జానకీదేవి మనుషులు వచ్చి బటర్‌ఫ్లైని, రిపోర్టులను తీసుకెళ్లారు. జానకీదేవి జాన్సన్‌ను ఫోన్‌లో అడిగింది: “ఆ తప్పు వరుస తీయించాలా?”

“ఉంచండి మేడమ్. బావిలో మిగిలింది చాలకపోతే బాకీ రాయాల్సిందే. ఆ వరుస నిజమైంది.”

ఆసుపత్రిలో కాసేపు ఆక్సిజన్ పెట్టి పంపించారు. ఎనిమిదింటికి అల్వాల్‌లో జాన్సన్ ఇంట్లో, చనిపోయిన భార్య గదిలో, స్రవంతి దుప్పటి కప్పుకుని కూర్చుంది. అతను జేబులోంచి నలిగిన పొట్లం తీశాడు.

“రెండే మిగిలినయ్. నీకొకటి, నాకొకటి.”

నీళ్లు తెచ్చేసరికి పొట్లం ఖాళీ.

“నా వాటా ఏది?”

“మన దగ్గర వాటా లెక్క లేదు గద సార్,” కళ్లు మూతలు పడుతుండగా అంది. “ఎవరు తింటే వాళ్లదే.”

జాన్సన్ లైట్ ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.