వర్తించదు అని రాసిన గడి

"నవ్వొద్దండీ."

ప్రేమకథలో అబ్బాయి అమ్మాయితో మొదట అనాల్సిన మాట కాదిది. కానీ అతను అన్నది అదే. అదీ టోకెన్ నంబరు పద్నాలుగు పట్టుకుని ఎదురుగా కూర్చున్న అమ్మాయి వంక చూడను కూడా చూడకుండా. అతను చూస్తున్నది ఆమె ఫోటోని.

"నేనెక్కడ నవ్వాను?"

"ఫోటోలో నవ్వారు. పళ్లు కనిపిస్తున్నాయి. వీసా ఫోటోలో పళ్లు కనిపించకూడదు. ఇది చెల్లదు, ఇంకోటి తీయించుకోండి."

"భలేవారే. నేను చేసే పనే పళ్లు!"

అతను తలెత్తాడు.

"డెంటల్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డాక్టర్లు అచ్చులు తీసి పంపుతారు, నేను కట్టుడు పళ్లు చేసిస్తాను," అంది ఆమె. తర్వాత అతని నోటి వంక ఓ అయిదు సెకన్లు తేరిపార చూసింది. "మీ పై వరసలో ఎడమవైపు ముందు పన్ను కట్టుడుదే కదా? ఎవరు చేశారోగానీ రంగు కుదరలేదు. పక్క పన్ను లేత పసుపు, ఇదేమో సున్నం కొట్టిన గోడ. అదీ చెల్లదు. ఇంకోటి చేయించుకోండి."

మూలన తెల్లగుడ్డ ముందు ఫోటోలు తీసే ఫోటోగ్రాఫర్ పక్కకి తిరిగి కిసుక్కున నవ్వాడు. బల్ల వెనకున్న అతను టక్కున నోరు మూసుకున్నాడు.

ఆ ఆఫీసులో అందరూ అతణ్ణి తక్కెడ అంటారు. పైదేశంలో ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి కాగితాలు సిద్ధం చేసిపెట్టే కన్సల్టెన్సీ అది. ఎవరొచ్చినా అతను ఓ తెల్లకాగితం తీసి, నడిమధ్య నిలువుగా గీత గీస్తాడు. గీతకి ఎడమవైపు వర్క్ వీసా, కుడివైపు రెసిడెన్సీ, అంటే అక్కడే స్థిరపడే అనుమతి. రెండుపక్కలా లాభనష్టాలు పేర్చి, ఏది బరువో తేల్చి చెప్పేస్తాడు. ఆరేళ్లుగా ఎంతోమందిని విమానం ఎక్కించినవాడు, తను మాత్రం ఇంతవరకూ పాస్‌పోర్ట్ కూడా తీసుకోలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

ఆమె కోసం కూడా గీత గీశాడు, కాస్త విసురుగానే.

"వర్క్ వీసా అయితే నెలన్నరలో వెళ్లిపోవచ్చు. కానీ పిలిచిన ల్యాబ్‌లోనే నాలుగేళ్లు చెయ్యాలి. మధ్యలో మానేస్తే పెట్టె సర్దుకుని వెనక్కి రావడమే. రెసిడెన్సీకి ఏడాదిన్నర పడుతుంది. వచ్చాక మాత్రం మీ ఇష్టం. ఎక్కడైనా పనిచెయ్యొచ్చు."

"సొంత ల్యాబ్ పెట్టుకోవచ్చా?" అని ముందుకి వంగింది ఆమె.

"పెట్టుకోవచ్చు."

"బయట నా పేరుతో బోర్డు?"

"బోర్డుకి మా పర్మిషన్ అక్కర్లేదండీ."

"బోర్డులోనైనా నవ్వొచ్చా, అదీ వద్దా?"

ఆ ఆఫీసు ఓనర్‌కి ఓ పద్ధతుంది. కొత్తవాళ్లతో మొదటిసారి మాట్లాడగానే, వాళ్లకి ఏ దారి మంచిదో ఓ చీటీ మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, ఫైలు వెనక పిన్ను కొట్టాలి. ఫైలు ముగిసేదాకా విప్పకూడదు. "రెండోసారి వచ్చేసరికి వాళ్ల కష్టసుఖాలు మనకి అంటుకుంటాయి. మొదటి రోజు చూపే చూపు," అంటాడాయన. ఆ రోజు తక్కెడ ఆమెకీ ఈ పద్ధతి చెప్పి, నాలుకతో పన్ను తడుముకుంటూ ఆమె ఎదుటే చీటీ రాశాడు. కోపంలో జిగురు కూడా కాస్త ఎక్కువే పూశాడు. ఏం రాశాడో సాయంత్రానికే మరిచిపోయాడు.

ఆ తర్వాత ఆమె వారానికోసారి వచ్చేది. అనుభవం సర్టిఫికెట్ ఒకసారి, పరీక్ష మార్కులు ఒకసారి, నోరు బిగించి తీయించుకున్న ఫోటో ఒకసారి. ఆ ఫోటోలో ఆమె ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టు ఉంది.

"ఇప్పుడు చెల్లుతుందా?"

"చెల్లుతుంది," అన్నాడతను, ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని. ఆమె వస్తే చాలు, అతని చెయ్యో ఫైలో నోటి దగ్గరికి వెళ్లిపోయేది. ఆమె చూపు అక్కడ ఆగిందంటే ఫైలు ఇంకాస్త పైకి జరిపేవాడు. మళ్లీ పన్నే చూస్తోంది అనుకునేవాడు.

ఒకరోజు ఆమె సంచిలోంచి ఓ గుత్తి తీసి టేబుల్ మీద పెట్టింది. తాళాల గుత్తిలా ఉంది, తాళాల బదులు పళ్లు వేలాడుతున్నాయి. తెలుపులోనే పదహారు రకాలు.

"వీటిని పక్క పన్ను దగ్గర పెట్టి రంగు ఎంచుతాం. అయిదు సెకన్లే చూడాలి. అంతకు మించితే కన్ను అలిసిపోయి అబద్ధం చెప్తుంది, అన్నీ ఒకటేలా కనిపిస్తాయి. అప్పుడు కాసేపు బూడిదరంగు అట్టని చూసి, మళ్లీ చూస్తాం. అప్పటికీ తేలకపోతే మొదట తోచినదే ఖాయం."

"మరి నావంక అయిదు సెకన్ల కన్నా ఎక్కువే చూస్తున్నారేం?"

ఆమె గుత్తి గబగబా సంచిలో పడేసింది. "అది వేరే లెక్కలెండి," అంది.

పన్ను అంత అన్యాయంగా ఉందన్నమాట అనుకున్నాడు ఈ తెలివైనవాడు.

అతనికి ఆమె అంటే ప్రేమ పుట్టింది. ఎప్పుడు పుట్టిందో అతనికీ తెలియదు. మంగళవారాలు ఆమె వస్తుంది కాబట్టి సోమవారం సాయంత్రం నుంచే చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాక, ఇక ఒప్పుకోక తప్పలేదు.

అంతలో వచ్చింది ఉత్తరం. అక్కడి ఓ పెద్ద ల్యాబ్ ఆమెకి ఉద్యోగం ఇస్తామంది, వర్క్ వీసా తామే తెప్పిస్తామంది. శుక్రవారం మధ్యాహ్నంలోగా సంతకం పెట్టి పంపాలి. లేదంటే వేరొకరికి ఇచ్చేస్తారు.

బుధవారం కుండపోత. ఆమె గొడుగు ఉండి కూడా తడిసి వచ్చింది. గొడుగు కింద పట్టుకొచ్చిన ఫైలు మాత్రం తడవలేదు.

"గీత గీయండి," అంది కూర్చుంటూనే.

గీశాడు. గీత వంకరగా వచ్చింది.

"ఈ ఉద్యోగానికి వెళ్లిపోనా, వద్దనేసి రెసిడెన్సీకి కాచుకోనా? మూడు రోజులుగా అన్నం కూడా సయించడం లేదు. మీరే చెప్పండి."

రెసిడెన్సీ అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. రెసిడెన్సీ అంటే ఆమె ఏడాదిన్నర ఇక్కడే ఉంటుంది. మంగళవారాలు ఉంటాయి. మరి ఈ సలహా ఆమె మంచికా, తన మంగళవారాలకా? ఆమె మంచికే అని ఒక మనసు, దొంగవి నువ్వు అని ఇంకో మనసు. నమ్మి అడిగిన మనిషిని తన స్వార్థం కోసం ఆపేస్తే ఏమవుతుంది? పోనీ వెళ్లమంటే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. దొంగ అనిపించుకోకూడదనుకుంటే ఒక్కటే దారి, తనకి నష్టమైన మాట చెప్పడం.

"వర్క్ వీసా," అన్నాడు.

"వెళ్లిపొమ్మంటారా?"

"మంచి అవకాశం కదండీ. ఆలస్యం అమృతం విషం అన్నారు."

ఆమె కాసేపు కిటికీ మీద జారుతున్న వాన చూసింది. ఆ తర్వాత ఫైల్లోంచి రెసిడెన్సీ ఫారం తీసి అతని ముందుకి జరిపింది. "ఎందుకైనా మంచిదని ఇదీ నింపాను. ఒక్క గడి వదిలేశాను. అదేదో మీరు చూసుకోండి," అని గొడుగు మరిచిపోయి మరీ వెళ్లిపోయింది.

అతను చూశాడు. ముప్ఫై ఒకటో గడి. 'వెంట వచ్చే జీవిత భాగస్వామి వృత్తి.' ఆమెకి పెళ్లి కాలేదు, భాగస్వామి ఎక్కడి నుంచి వస్తాడు? ఖాళీ గడి ఒక్కటి ఉన్నా ఫారం వెనక్కి పంపేస్తారు. ఆరేళ్ల అలవాటు. మనసు ఎక్కడో ఉన్నా చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. పెన్ను తీసి గుండ్రటి అక్షరాల్లో రాశాడు: వర్తించదు.

రాశాక ఎందుకో చాలాసేపు ఆ గడినే చూస్తూ కూర్చున్నాడు. ఏదో తప్పు చేసినట్టే ఉంది, ఏం తప్పో అంతుపట్టలేదు.

శుక్రవారం పదిన్నరకి ఆమె నాయనమ్మతో వచ్చింది. ఆ పెద్దావిడ నోట్లో మెరుస్తున్న పైవరసా కింది వరసా మనవరాలు చేసినవే. కూర్చోగానే, "ఏ వీసాకెళ్తే దీనికి త్వరగా పెళ్లవుతుందో చెప్పు నాయనా, ఆ కాగితం మీదే సంతకం పెట్టిస్తా," అంది.

"నాయనమ్మా, నువ్వు కాసేపు ఊరుకో," అంటూ ఆమె పెన్ను అందుకుంది. ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టబోతూ, పక్కనున్న రెసిడెన్సీ ఫారం తిప్పింది. ముప్ఫై ఒకటో గడి దగ్గర ఆగిపోయింది.

"ఇది మీరే రాశారా?"

"అవునండీ. ఖాళీ వదిలితే వెనక్కి పంపేస్తారు."

"ఆలోచించే రాశారా?"

"ఆలోచించడానికి ఏముందండీ అందులో?"

ఆమె ముఖం వాడిపోయింది. "ఏమీ లేదులెండి. మొన్నేమో వెళ్లిపొమ్మన్నారు, ఇవాళేమో వర్తించదన్నారు. రెండూ ఒకటే జవాబు." పెన్ను మళ్లీ సంతకం దగ్గరికి వెళ్లింది.

"ఆగవే!" అని నాయనమ్మ పెన్ను లాగేసుకుంది. "నువ్వు నోరు తెరిచి చెప్పవు, ఈ అబ్బాయి కళ్లు తెరిచి చూడడు. సరిపోయారు ఇద్దరూ! నాయనా, ఆ ఒక్క గడి మీద అది ఎన్నిసార్లు పెన్ను పెట్టి తీసిందో నాకు తెలుసు. ఆ గడి ఎవరి కోసం వదిలిందనుకున్నావు?"

"నాయనమ్మా!" ఆమె చెంపలు కందిపోయాయి.

అతను తేలు కుట్టిన దొంగలా ఫారం వంక చూశాడు. ఆ తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి.

"మొన్న నేను అబద్ధం చెప్పానండీ. రెసిడెన్సీ అనాలనుకున్నా. కానీ అది మీకు మంచిదని అనిపించిందో, మీరు ఇక్కడే ఉంటారని అనిపించిందో తేల్చుకోలేకపోయా. అందుకే తిరగేసి చెప్పా. మీరంటే నాకు ఇష్టం. తక్కెడలో నేనే ఎక్కి కూర్చున్నాక ఏది బరువో నాకేం తెలుస్తుంది? ఇప్పటికీ తెలీదు. ఒట్టు."

ఆమె అతణ్ణి చూసింది. గోడ మీద గడియారం పదకొండు దాటింది. "నాకూ తెలీడం లేదు. ఎక్కువసేపు చూసేశాం ఇద్దరం, కళ్లు అలిసిపోయాయి," అంది. ఫైలు తిరగేసి వెనకున్న కవరు చూపించింది. "మొదటి రోజు చీటీ. విప్పండి."

"ఫైలు ముగిసేదాకా విప్పకూడదు..."

"గంటలో ముగుస్తుంది, ఎటో ఒకవైపు. విప్పండి."

జిగురు ఎక్కువ పూసినందుకు కవరు ఓ పట్టాన ఊడలేదు. చివరికి ఆమే చించి, పైకి చదివింది.

"'రెసిడెన్సీ. సొంత ల్యాబ్ పెట్టాల్సిన మనిషి. మహా నోరు. ఒకరి కింద నాలుగేళ్లు కాదు, నాలుగు రోజులు కూడా ఇమడదు. పైగా పొగరు.'"

ఫోటోగ్రాఫర్ కెమెరా తుడవడం ఆపేశాడు. అతనికి భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఇది రాసినప్పుడు నేనంటే మీకు ఇష్టం ఉందా?" అని అడిగింది ఆమె.

"ఒక్క పిసరు కూడా లేదండీ. చిరాకు."

"అయితే ఇదే నిజం," అని పకపకా నవ్వింది. పదహారు తెలుపుల్లో అది ఏ తెలుపో అతను చెప్పలేడు. "నాకూ మొదట తోచింది అదే. బోర్డు గురించే కదా అడిగాను? ఉద్యోగం చూసి మధ్యలో కళ్లు చెదిరాయి, అంతే. మా ల్యాబ్ ఓనర్ సణుగుడు ఇంకో ఏడాదిన్నర వినాలి. వింటాను."

ఫోన్ తీసి అక్కడి ల్యాబ్‌కి రాలేనని రెండే వాక్యాలు రాసింది. పంపేముందు ఒక్క క్షణం వేలు ఆగింది. చిన్న ఉద్యోగం కాదు అది. గట్టిగా ఊపిరి పీల్చుకుని నొక్కేసింది.

"మరి ఈ గడి సంగతి?" అంది ఫారం అతని ముందు పెట్టి.

"తుడవకూడదండీ. ఒక్క గీత కొట్టి పక్కన మీరు సంతకం పెట్టాలి," అన్నాడు. గీత తనే కొట్టాడు. ఈసారి తిన్నగా వచ్చింది. "దీని మీద ఇంకో మాట రాయొచ్చు. పెళ్లి నిశ్చయమైనవాళ్లు రాసే మాట. 'వివరాలు తర్వాత జతపరచబడును' అని. మీకు సమ్మతమైతేనే."

"నిశ్చయం చెయ్యాల్సిన దాన్ని నేనిక్కడ కూర్చునే ఉన్నా, నన్నెవరూ అడగరేం?" అంది నాయనమ్మ.

"చెప్పండి," అన్నాడతను చేతులు కట్టుకుని.

"ముందు ఆ పన్ను మార్పించుకో. ఆ తర్వాత మీ పెద్దవాళ్లని మా ఇంటికి పంపు."

ఆమె తలొంచుకుని ఆ మాట తనే రాసింది, పక్కన సంతకం పెట్టింది.

"మీరు వస్తారా మరి? మీకు పాస్‌పోర్టే లేదుగా."

"ఎక్కడికైనా వెళ్లాలని ఇప్పటిదాకా అనిపించలేదండీ." నాలుకతో పన్ను తడుముకున్నాడు. "నేనింకా మీరు ఇన్నాళ్లూ నా పన్నే చూస్తున్నారనుకున్నా."

"పన్ను చూడ్డానికి అయిదు సెకన్లు చాలు," అంది ఆమె.

అతను లేచి తెల్లగుడ్డ ముందు కూర్చున్నాడు. పాస్‌పోర్ట్‌కి ఫోటో కావాలి కదా. ఆమె ఫోటోగ్రాఫర్ చేతిలోంచి కెమెరా తీసుకుంది.

"నవ్వొద్దండీ," అంది.

పెదాలు బిగించాడు. క్లిక్‌మనే లోపు అవి విడిపోయాయి. "చెల్లదు," అంది ఆమె. రెండోదీ చెల్లలేదు, మూడోదీ చెల్లలేదు. నాలుగోసారి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి నవ్వేశాడు, సున్నం కొట్టిన పన్నుతో సహా.

"ఇదీ చెల్లదు," అని ఆమె ఆ ఫోటోని మాత్రం అచ్చు తీయించి, తన సంచిలో పెట్టుకుంది.